ఆకు సందులో చెంచాడు నీళ్ళు: ఇమిటేటర్ కప్పల ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివర

కప్పలు ఇంకా రాలేదు, ఇప్పుడప్పుడే రావు కూడా. ముందు వాటి అడవి తయారవ్వాలి. అందుకే ఈ డైరీ ఖాళీ గాజు పెట్టెతో మొదలవుతోంది. పెట్టె 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 60 సెంటీమీటర్ల ఎత్తు. తలుపులు ముందువైపు తెరుచుకుంటాయి.

పెంచబోయేది రానిటోమియా ఇమిటేటర్ అనే బుల్లి విషపు కప్ప. ఆండీస్ కొండలు అమెజాన్ మైదానంలోకి దిగేచోట, ఉత్తర పెరూలో, టారపోటో పట్టణం చుట్టుపక్కల వానాడవుల్లో ఉంటుంది. పూర్తిగా ఎదిగినా రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మన ఐదు రూపాయల బిళ్ళ మీద కూర్చోబెడితే అంచు దాటదు. 1986లో రైనర్ షుల్టే దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు డెండ్రోబేటిస్ ప్రజాతిలో పెట్టాడు, 2006లో వర్గీకరణ మారి రానిటోమియాలోకి వచ్చింది.

ఒక్కో ప్రాంతంలో ఇది ఒక్కో కప్పలా కనిపిస్తుంది. టారపోటో దగ్గర ఆకుపచ్చ మీద నల్లచుక్కలతో రానిటోమియా వేరియాబిలిస్‌లా ఉంటుంది. హువయాగా లోయవైపు పట్టీలు పట్టీలుగా సమ్మర్సీ అనే ఇంకో కప్పలా ఉంటుంది. వరదేరో అనే ఊరి దగ్గరేమో నారింజ రంగు తల, నీలం కలిసిన ఆకుపచ్చ కాళ్ళతో ఫాంటాస్టికాలా ఉంటుంది. పోలికున్న ఆ కప్పలూ విషమున్నవే, ఇదీ విషమున్నదే. ఒకదాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన పిట్ట రెండోదాని జోలికి రాదు కాబట్టి ఇద్దరికీ లాభమే. బ్రెజిల్ సీతాకోకచిలుకల్ని చూసి ఫ్రిట్జ్ ముల్లర్ అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఈ లెక్క చెప్పాడు. నేను తెచ్చుకోబోయేది వరదేరో రకం.

అయితే నన్ను దీని దగ్గరికి లాగింది రంగు కాదు, దీని కాపురం. మేముండేది అమెరికాలో, నార్త్ కరొలైనాలోని కేరీలో. ఇక్కడికి గంటన్నర దూరంలో గ్రీన్‌విల్‌లో ఈస్ట్ కరొలైనా యూనివర్సిటీ ఉంది. అక్కడ జేసన్ బ్రౌన్, కైల్ సమ్మర్స్, పెరూ శాస్త్రవేత్త విక్టర్ మొరాలెస్‌తో కలిసి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. పెరూ అడవిలో ఈ కప్పల కుటుంబాల డీఎన్ఏ తీసి చూస్తే, పన్నెండు కుటుంబాల్లో పదకొండింటిలో ఆడా మగా ఒకరికొకరు కట్టుబడి ఉన్నారు. జన్యుపరంగా ఏకపత్నీవ్రతం రుజువైన మొదటి ఉభయచరం ఇదే.

కారణం నీళ్ళు. ఇవి తోకకప్పల్ని పెంచేది చెరువులో కాదు, ఆకు మొదట్లో నిలిచే చిటికెడంత నీటిలో. అందులో తిండి దాదాపు ఉండదు. పిల్ల బతకాలంటే తల్లి వచ్చి, పొదగని గుడ్లు పెట్టి తినిపించాలి, ఆ తల్లిని పిలుచుకు రావడానికి తండ్రి అక్కడే ఉండాలి. దగ్గరి బంధువైన వేరియాబిలిస్ ఇంతకంటే పెద్ద నీటి గుంటలు వాడుతుంది. అక్కడ పిల్లకి తిండి దొరుకుతుంది కాబట్టి తండ్రి ఒక్కడే చూసుకుంటాడు, జత కట్టుబాటూ లేదు. పరిశోధకులు రెండు జాతుల తోకకప్పల్నీ అటూ ఇటూ మార్చి చూశారు. చిన్న గుంటల్లో, తల్లి తిండి లేకుండా వదిలినవి సరిగ్గా ఎదగలేదు.

చెంచాడు నీళ్ళు కాపురాన్ని నిర్ణయిస్తున్నాయని చదివిన రోజు నుంచి ఇది నా కళ్ళతో చూడాలని ఉంది. కాబట్టి ఈ పెట్టెలో నేను కట్టాల్సింది ముందు ఆ చెంచాడు నీళ్ళు నిలిచే చోటు. మిగతా అడవంతా దానికోసమే.

మార్చి రెండో వారం

అడుగు పని అయింది. కింద నాలుగు వేళ్ళ మందాన కాల్చిన బంకమట్టి గుళికలు పోశాను, మీద ఫైబర్ వల పరిచాను, దానిపైన మట్టి. వానలా రోజూ నీళ్ళు చల్లితే మిగులు నీరు గుళికల్లోకి దిగిపోతుంది, మట్టి కుళ్ళదు. ఒక మూల నుంచి సన్నటి పైపు కిందిదాకా దింపాను, నీరు మట్టిదాకా వచ్చినప్పుడు బయటికి లాగేయడానికి.

మట్టి అన్నాను గానీ నిజానికి అందులో మట్టే లేదు. చెట్టు ఫెర్న్ నార, పీట్, బొగ్గు ముక్కలు, స్ఫాగ్నమ్ నాచు, ఆర్కిడ్ మొక్కలకు వాడే బెరడు. ఈ మిశ్రమం అట్లాంటా బొటానికల్ గార్డెన్ వాళ్ళది, ఈ హాబీలో అందరూ ఏబీజీ మిక్స్ అంటారు. ఏళ్ళ తరబడి తడిగా ఉన్నా గట్టిపడకుండా గాలి ఆడనిస్తుంది.

ఆ తోట పేరు వచ్చింది కాబట్టి టఫీ గురించి చెప్పకుండా ఉండలేను. రాబ్స్ చెట్టుకప్ప అనే జాతిలో, తెలిసినంతలో, ఆఖరి కప్ప అది. పనామా అడవుల్లోకి కైట్రిడ్ ఫంగస్ రాబోతోందని తెలిసి, అది చేరకముందే పట్టి తెచ్చిన కప్పల్లో ఒకటి. ఆ తోటలోనే 2016 సెప్టెంబర్ 26న చనిపోయింది. కైట్రిడ్ కప్ప చర్మాన్ని పాడుచేస్తుంది. కప్ప నీళ్ళు పీల్చుకునేదీ లవణాలు నిలుపుకునేదీ చర్మంతోనే, అందుకని చివరికి గుండె ఆగిపోతుంది. ఈ ఫంగస్‌ని శాస్త్రవేత్తలు గుర్తించి పేరు పెట్టింది 1990ల చివర్లోనే. అప్పటికే చాలా జాతులు పోయాయి.

ఇంట్లో ఒక పెట్టె పెట్టుకునేవాడికి దీంతో పనేంటి అనుకోవద్దు. బయటి నుంచి వచ్చే ప్రతి మొక్కనీ బాగా పలచన చేసిన బ్లీచ్ నీళ్ళలో ముంచి, కడిగి, ఆరబెట్టాకే లోపల పెడుతున్నాను. అలాగే పెట్టెలోంచి తీసిన నీళ్ళని బ్లీచ్ కలపకుండా తోటలో పారబోయను. మా పెరటి వెనకే వాగుంది, అందులో ఇక్కడి చెట్టుకప్పలున్నాయి.

మార్చి నెలాఖరు

వెనక గోడ. నురుగు స్ప్రే చేసి, అందులో కార్క్ బెరడు ముక్కలు గుచ్చి, గట్టిపడ్డాక చాకుతో చెక్కి, సిలికాన్ పూసి, తడి మీద కొబ్బరి పొట్టు అద్దాను. సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది పూర్తిగా పోయేదాకా పెట్టె గరాజ్‌లోనే.

ఏప్రిల్

అసలు పని ఈ నెలే.

బ్రొమీలియాడ్లు వచ్చాయి. మన అనాసపండు కుటుంబమే ఇది. నేను తెప్పించింది నియోరెజీలియాలో ఫైర్‌బాల్ అనే చిన్న రకం. ఎక్కువ వెలుగు తగిలితే ఎర్రబడుతుంది. దీన్ని మట్టిలో నాటకూడదు, మొదలు కుళ్ళిపోతుంది. కార్క్ బెరడుకి కట్టేస్తే వేళ్ళు అవే పట్టుకుంటాయి. ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి కాబట్టి ప్రతి సందులోనూ నీళ్ళు నిలుస్తాయి.

మందు సిరంజితో ఒక్కో సందులోని నీళ్ళు లాగి కొలిచాను. బయటి పెద్ద ఆకుల దగ్గర ఐదు మిల్లీలీటర్లు, లోపలి చిన్నవాటిలో రెండు. మొక్కని ఏ కోణంలో కట్టామన్నదాన్ని బట్టి ఇది మారిపోతుంది. నిటారుగా కట్టిన దాంట్లో అన్ని సందులూ నిండాయి. పక్కకి వంచిన దాంట్లో కింది సందులే నిండాయి గానీ వాటిలో నీళ్ళు ఎక్కువ. రెండు రకాలూ ఉంచాను, ఏది కావాలో కప్పలే తేల్చుకుంటాయి. అడవిలో ఇవి బ్రొమీలియాడ్లు ఒక్కటే కాదు, హెలికోనియా, డిఫెన్‌బాకియా ఆకుల సందులూ వాడతాయి. డిఫెన్‌బాకియా మన ఊళ్ళలో వరండా కుండీల్లో ఉండేదే, తెల్ల మచ్చల పెద్దాకుల మొక్క. ఈ పెట్టెకి అది మరీ పెద్దదైపోతుంది.

వాటితో పాటు పాత కెమెరా ఫిల్మ్ డబ్బాలు నాలుగు, గాజుకి రబ్బరు కప్పుతో అతికించాను. ఈ కప్పలు పెంచేవాళ్ళలో చాలామంది వాడేది ఇదే. నల్లగా, లోపల చీకటిగా ఉంటుంది. అడ్డంగా పెడితే గుడ్లకి, ఏటవాలుగా నిలబెట్టి నీళ్ళు పోస్తే తోకకప్పలకి. ఫిల్మ్ కెమెరాలు పోయినా ఈ డబ్బాలు కప్పలవాళ్ళ కోసం ఇంకా దొరుకుతున్నాయి.

నేలమీద ఎండుటాకులు. మాగ్నోలియా ఆకులు పెరట్లోవే, ఉడకబెట్టి ఆరబెట్టాను. వాటితో నాటు బాదం ఆకులు కూడా. అవి మాత్రం కొనుక్కున్నవి. మా తెనాలి స్కూలు ఆవరణలో రోజూ గంపలకొద్దీ ఊడ్చి తగలబెట్టిన ఆకుల్ని ఇక్కడ లెక్కపెట్టి ప్యాకెట్‌లో అమ్ముతారు. మెల్లగా కుళ్ళుతాయి, వాటిలోని టానిన్ల వల్ల నీటికి పలచటి టీ రంగు వస్తుంది, తోకకప్పలకి మంచిదంటారు. రెండు రకాల ఆకుల కిందా పురుగులు చేరాలి. స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లటి చిన్న పురుగుల్ని, మరుగుజ్జు తెల్ల ఐసోపాడ్లనీ వదిలాను. ఇవి బూజు, కుళ్ళు తింటాయి, తర్వాత కప్పలు వీటిని తింటాయి.

నీళ్ళు పూర్తిగా ఆర్.ఓ. నీళ్ళే. మా కుళాయి నీళ్ళలో క్లోరమైన్ ఉంటుంది, క్లోరిన్‌లాగా ఒక రాత్రి గాలికి పెడితే పోదు. పైగా కుళాయి నీళ్ళలో ఉండే సున్నం గాజు మీద తెల్లగా కడుతుంది.

ఏప్రిల్ నెలాఖరు

బూజు వచ్చింది. కార్క్ మీదా బాదం ఆకుల మీదా తెల్లగా, దట్టంగా. కొత్త పెట్టెలో ఇది మామూలే. తుడవకూడదు, మందు అసలే కొట్టకూడదు. స్ప్రింగ్‌టెయిల్స్‌కి తిండి దొరికింది, అవి పెరుగుతున్నాయి. టార్చ్ వేసి చూస్తే ఆకు కింద చుక్కలు చుక్కలుగా ఎగురుతున్నాయి. మే మొదటి వారానికి బూజు పలచబడింది. ఇక కప్పలు రావచ్చు.

మే

అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే వంటింటి అరలో వరసగా పెట్టిన డబ్బాలు చూసింది.

"ఏంట్రా ఇవి?"

"ఈగలమ్మా. కప్పలకి తిండి."

"ఇంట్లో ఈగల్ని తోలడం తెలుసు గానీ, పెంచడం ఏంట్రా నాన్నా!"

రెక్కల్లేని పండు ఈగలు ఇవి, డ్రొసోఫిలా మెలనోగాస్టర్. ఎగరలేవు. ఎండు బంగాళాదుంప పొడి, పంచదార, ఈస్ట్, కొంచెం వెనిగర్, బూజు పట్టకుండా దాల్చినచెక్క పొడి కలిపి వేడినీళ్ళు పోస్తే వాటి తిండి తయారు. రెండు వారాల్లో కొత్త తరం వస్తుంది. ప్రతి వారం ఒక కొత్త డబ్బా మొదలుపెట్టాలి, లేకపోతే కప్పలు పస్తుండాలి. తినిపించే ముందు ఈగల్ని కాల్షియం, విటమిన్ల పొడిలో వేసి గిలకొట్టాలి. ఈగలో కాల్షియం తక్కువ, ఈ పొడి లేకపోతే కప్ప ఎముకలు మెత్తబడతాయి. ఇప్పుడు ఆ గిలకొట్టే పని అమ్మదే. దోసెల పిండి పక్కన పెట్టి మరీ చేస్తోంది.

కప్పలు నెల మధ్యలో వచ్చాయి. ఇంట్లో పుట్టి పెరిగిన జత, ఏడాది దాటినవి, ఏ ప్రాంతం రకమో కాగితం మీద రాసి ఉన్నవి. అడవిలో పట్టినవి ఎంత చవకగా దొరికినా తీసుకోకూడదు. ఈ కప్పల కుటుంబంలోని చాలా జాతులు 1987 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి, అయినా దొంగ రవాణా ఆగలేదు. ఒక్కో కొండకీ ఒక్కో రంగు ఉన్న జంతువుకి ఆ కొండమీద కొన్ని వందలు తగ్గినా పెద్ద దెబ్బే.

మూత తీసి పెట్టెలో పెట్టాక రెండూ నాచులోనే చాలాసేపు కదలకుండా ఉన్నాయి. తర్వాత మగది ఒక్క గెంతులో బాదం ఆకు మీదికి వచ్చింది. తల నారింజ, వీపు మీద నల్ల గీతలు, కాళ్ళు సన్నటి వలలా నీలం ఆకుపచ్చ. గొంతు కింద చర్మం టకటకా కొట్టుకుంటోంది. స్ప్రింగ్‌టెయిల్ ఒకటి కదలగానే ముందరి కాలి వేళ్ళు వణికాయి, నాలుక కనపడనేలేదు, పురుగు మాత్రం లేదు.

విషం గురించి మా కాలనీలో అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాసేస్తాను. ఈ కప్పలు విషాన్ని సొంతంగా తయారు చేసుకోవు. అడవిలో తినే చీమల్లోంచీ, మైట్లు అనే బుల్లి పురుగుల్లోంచీ ఆల్కలాయిడ్లు అనే విష రసాయనాలు తీసుకుని చర్మంలో దాచుకుంటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జాన్ డేలీ తన జీవితమంతా దీనిమీదే పనిచేశాడు. 1932లో హవాయిలో వదిలిన డెండ్రోబేటిస్ ఆరాటస్ కప్పల్నీ పనామాలోని అదే జాతి కప్పల్నీ పోలిస్తే విషాల్లో తేడా కనిపించింది. పండు ఈగలు తిని ఇళ్ళలో పెరిగిన పిల్లల్లో అవి అసలు లేవు. ఈ కప్పల విషాన్ని బాణాలకు పూస్తారనే కథ కూడా అన్ని కప్పలదీ కాదు, కొలంబియాలో ఎంబెరా ప్రజలు వాడింది ఫిల్లోబేటిస్ ప్రజాతి కప్పల్ని. అయినా నేను వీటిని చేత్తో తాకను. నా చేతి ఉప్పూ సబ్బూ వాటి చర్మానికి హాని.

జూన్

మగది పాడుతోంది. సన్నగా, సెకను కూడా ఉండని తీగలాంటి కూత. పొద్దున్నే లైటు వెలిగిన గంటలో ఎక్కువ. నీళ్ళు చల్లాక మళ్ళీ ఒకసారి.

కూత విని అమ్మ వాళ్ళ చిన్నప్పటి సంగతి చెప్పింది. వానలు వెనకబడితే కప్పని వేపమండల్లో చుట్టి రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పేవాళ్ళట, ప్రతి గడపలోనూ దానిమీద బిందెడు నీళ్ళు పోసేవాళ్ళట. "కప్పతల్లి చల్లగుంటే మనం చల్లగుంటాం అనేవాళ్ళు" అంది. తర్వాత అడిగింది: "మన దేశంలో లేవా ఇట్లాంటివి? ఇక్కడిదాకా రావాలా వీటి కోసం?"

ఉన్నాయమ్మా అని చెప్పాను. పడమటి కనుమల్లో రావోర్కెస్టిస్ అనే చిన్న పొద కప్పలు బోలెడన్ని జాతులున్నాయి. వాటిలో కలజోడిస్ అనేది రెల్లు వెదురు కణుపుల్లోకి సన్నటి చీలికలోంచి దూరి లోపలే గుడ్లు పెడుతుంది, మగది కాపలా ఉంటుంది. తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. దక్షిణ తమిళనాడులో కలక్కాడు ముండంతురై అడవిలో దీన్ని పరిశీలించారు. వెదురు లోపలి చోటు దాని కాపురాన్ని నిర్ణయిస్తే, ఆకు సందు దీని కాపురాన్ని నిర్ణయిస్తోంది. కానీ ఆ కప్పల్ని అక్కడే చూడాలి, ఇంటికి తేకూడదు. ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి: 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సైటిస్ జాబితాలోని విదేశీ జంతువుల్ని ఇంట్లో ఉంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

జులై

ఉరుములతో వాన, చెట్టు కూలి వీధంతా కరెంటు పోయింది. బయట 36 డిగ్రీలు. ఏసీ లేని ఇంట్లో మధ్యాహ్నానికి పెట్టెలో 28 దాటింది. ఈ కప్పలకి 22 నుంచి 26 దాకా బాగుంటుంది, 30 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు తడి తువ్వాల్లో చుట్టి పెట్టె పైన పెట్టాం, అమ్మ విసనకర్రతో తలుపు దగ్గర విసిరింది. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. సాయంత్రానికి 25. కరెంటు రాత్రికి వచ్చింది. ఆరోజంతా పడ్డ టెన్షన్ తర్వాత బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను కొన్నాను.

నాలుగు రోజులకి అడ్డంగా పెట్టిన డబ్బాలో రెండు గుడ్లు. గాజులాంటి జిగురులో బూడిదరంగు చుక్కలు. అవి తెల్లబడి పాడయ్యాయి. కొత్త జతకి మొదటి గుడ్లు చాలాసార్లు ఇలాగే పోతాయి. తర్వాతి విడతలో మూడు, వాటిలో రెండు ఎదిగాయి. టార్చ్ పక్కనుంచి వేస్తే జిగురులో తోక మెలికపడి ఉండటం, చెవుల దగ్గర మొప్పల పోగులూ కనిపించాయి. మగది రోజూ వచ్చి వాటి మీద కూర్చుని తడుపుతోంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. చాలామంది గుడ్లు బయటికి తీసి, చిన్న కప్పుల్లో చేపల తిండి వేసి పెంచుతారు. స్ట్రాబెర్రీ కప్ప ఉండే ఊఫగా ప్రజాతిలో అలా కుదరదు, వాటి పిల్లలు తల్లి గుడ్లు తప్ప వేరేవి తినవు. ఇమిటేటర్‌లో కుదురుతుంది, ఎక్కువ పిల్లలూ బతుకుతాయి. నేను మాత్రం తియ్యను. తల్లిదండ్రుల్ని పని చెయ్యనివ్వకపోతే ఇన్ని నెలలు ఆకు సందులు కొలిచిన దానికి అర్థం లేదు.

ఆగస్టు

మగదాని వీపు మీద తోకకప్ప! నల్లగా, బియ్యపు గింజకన్నా చిన్నది, జిగురుతో అతుక్కుని ఉంది. పొద్దున ఎక్కించుకున్నది సాయంత్రం దాకా తిరిగింది. బ్రొమీలియాడ్ సందుల్లో ఒక్కోదాంట్లో వెనక్కి దిగి, నడుము దాకా మునిగి, మళ్ళీ పైకి వచ్చింది. అలా మూడు సందులు చూసి వదిలేసింది. చివరికి వంచి కట్టిన మొక్కలో కింది సందు ఎంచుకుంది. దిగి కూర్చుంది, తోకకప్ప జారి నీళ్ళలో పడింది. రెండోదాన్ని రెండు రోజుల తర్వాత తెచ్చి ఫిల్మ్ డబ్బాలో వేసింది. ఒక్కో పిల్లకీ ఒక్కో ఇల్లు. రెండింటినీ ఒకే నీళ్ళలో వెయ్యదు, వేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి.

వారం తర్వాత నేను చూడాలనుకున్నది చూశాను. మగది సందు అంచున నిలబడి కూసింది. ఆడది పక్క కార్క్ మీంచి దగ్గరికి వచ్చింది. మగది లోపలికి దిగి, బయటికి వచ్చి, మళ్ళీ కూసింది. ఆడది నీళ్ళలోకి దిగి చాలాసేపు ఉండిపోయింది. అది వెళ్ళాక టార్చ్ వేస్తే అడుగున ఒక గుడ్డు ఉంది, తోకకప్ప దాని జిగురుని లాగుతోంది. అమ్మ నా భుజం మీంచి వంగి చూసి, "పాపం, బిడ్డకి ముద్ద పెట్టి వెళ్ళింది" అంది.

సెప్టెంబర్

అమ్మ వెళ్ళిపోయింది. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న తోకకప్పల గురించే.

డబ్బాలో ఉన్నది వేగంగా పెరుగుతోంది, ఆకు సందులోది నిదానం. రెండింటికీ గుడ్లు అందుతున్నాయి. డబ్బాలో నీళ్ళు ఎక్కువ, గోడలకు నాచు కూడా పట్టింది. ఒక్క జతలో రెండు పిల్లల్ని చూసి తేల్చగలిగింది కాదు గానీ, ఇకముందు ప్రతి పిల్లనీ ఏ నీళ్ళలో వేసిందో, ఆ నీళ్ళు ఎంతో రాసి పెడతాను.

అక్టోబర్ మూడో వారం

డబ్బాలోని పిల్లకి ముందరి కాళ్ళు వచ్చాయి. ఇది చాలా సున్నితమైన దశ. తోక ఒంట్లోకి ఇంకిపోతుంది, తిండి మానేస్తుంది, గాలి పీల్చడం మొదలవుతుంది. ఎక్కడానికి చోటు లేకపోతే మునిగిపోతుంది కాబట్టి డబ్బా ఇంకాస్త వంచాను. కాళ్ళు రెండూ గట్టిగానే ఉన్నాయి. తల్లికి విటమిన్ ఏ చాలకపోతే పిల్లలకి పుల్లల్లాంటి బలంలేని కాళ్ళు వస్తాయని పెంపకందారులు చెబుతారు. ఆ భయంతోనే నెలకి రెండుసార్లు విటమిన్ ఏ పొడి వేశాను.

శనివారం పొద్దున అది బయటికి వచ్చి ఫెర్న్ ఆకు మీద కూర్చుంది. తోక మొద్దు ఇంకా ఉంది. తల మీద నారింజ అప్పుడే తెలుస్తోంది.

ఇప్పుడున్న పని ఇది. ఈ పిల్లకి పండు ఈగ నోట్లో పట్టదు, మొదటి నెలంతా స్ప్రింగ్‌టెయిల్సే తినాలి. బొగ్గు ముక్కల మీద వాటిని పెంచుతున్న రెండు డబ్బాలు సరిపోవు, ఇంకో నాలుగు మొదలుపెట్టాను. పిల్లల కోసం ఇంకో చిన్న పెట్టె సిద్ధమవుతోంది, అందులో బూజు దశ సగం దాటింది. ఎవరైనా పిల్లల్ని అడిగితే వరదేరో అని రాసిన కాగితంతోనే ఇస్తాను, వేరే ప్రాంతం రకంతో కలపనన్న మాట తీసుకున్నాకే. ఆకు సందులోని రెండోదానికి వెనక కాళ్ళు వచ్చాయి, ముందరివి ఇంకా రాలేదు. నిన్న కూడా ఆడది ఆ సందులోకి దిగింది.